కిటికీ వల దిగేవరకు

ఫిబ్రవరి మాసంలో నార్త్ కరోలినా రాష్ట్రాన చెట్లకు ఇంకా ఆకులు రావు. ఉదయం పూట కారు అద్దం మీద పేరుకొన్న మంచును గీకి గాని బయలుదేరడానికి వీలుండదు. అటువంటి మాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, కాంకర్డ్ అనే పట్టణంలో, ఏబది దాటిన ఒక అభిమాని భోజనం ముగించి టెలివిజన్ ముందు కూర్చుంటాడు. అక్కడికి దక్షిణంగా, దాదాపు ఐదు వందల మైళ్ల దూరంలో, ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ వద్ద సుమారు నలభై కార్లు బారులు తీరి నిలిచి ఉంటాయి. అవి ఆనాడు పరుగెత్తబోయే దూరం కూడా ఐదు వందల మైళ్లే. రెండున్నర మైళ్ల ట్రాక్ మీద రెండు వందల చుట్లు.

ప్రక్క ఇంటిలో ఒక తెలుగు కుటుంబం ఉన్నది. షార్లట్ నగరంలోని బ్యాంకులలో కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చి ఆ పరిసరాలలో స్థిరపడిన మన వారు ఇప్పుడు అనేకులు. గుంటూరు జిల్లా నుండి వచ్చిన ఆ ఇంటాయన తొలినాళ్లలో ఒకసారి మర్యాదగానే అడిగాడు: ఒకే గుండ్రంలో ఎడమ చేతి వైపుకే తిరిగే కార్లలో నాలుగు గంటలు చూడటానికి ఏమున్నది? అభిమాని నొచ్చుకోలేదు. అమెరికాలోనే సగం మంది ఆ ప్రశ్న వేస్తారు. 'మీ ఊరి పోటీలు ఎట్లా ఉంటాయి?' అని ఎదురు అడిగాడు. గుంటూరాయన ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలను గురించి చెప్పాడు. బండ కదలని క్షణంలో జనమంతా తామే కాడి మోస్తున్నట్లు ముందుకు వంగుతారని చెప్పాడు. అభిమాని తల పంకించి, ఇదీ అదేనన్నాడు. మరి ఎడ్లకు ప్రాణం ఉంటుంది గదా అని గుంటూరాయన సందేహం. కార్లలోనూ ఉంటుందని అభిమాని సమాధానం. అది చమత్కారంగా చెప్పిన మాట కాదని గుంటూరాయనకు కొన్నేళ్ల తరువాత గాని అర్థం కాలేదు.

స్టాక్ కారు అంటే అంగడిలో అమ్మకానికి పెట్టిన కారు అని మొదటి అర్థం. పందెం కోసం ప్రత్యేకంగా తయారుచేసిన బండి కాదు. వైద్యుడో వర్తకుడో కొనుక్కొని వాడుకొనే బండినే పందెంలో దింపాలని నియమం. బిల్ ఫ్రాన్స్ అనే ఆయన 1947 డిసెంబరులో డేటోనా బీచ్‌లోని స్ట్రీమ్‌లైన్ హోటల్‌లో కొందరిని సమావేశపరచి పునాది వేయగా, 1948 ఫిబ్రవరి 21న నాస్కార్ సంస్థ నమోదయింది. 1949 జూన్ 19న షార్లట్‌లో జరిగిన తొలి పందెంలో లీ పెట్టీ ఎరువు తెచ్చుకొన్న బ్యూక్ కారు కాస్తా పల్టీలు కొట్టింది. ఆ కారు సొంతదారుకు ఏమి చెప్పుకొన్నాడో గాని, పదేళ్ల తరువాత, 1959లో, మొట్టమొదటి డేటోనా 500 పందెం గెలిచినది ఆ లీ పెట్టీయే. రెండు కార్లు ఒక్కసారిగా గీత దాటినందువల్ల ఛాయాచిత్రాలు పరీక్షించి అతడే విజేత అని తేల్చటానికి మూడు రోజులు పట్టింది. ఈనాటి కార్లకు అంగడిలో కార్లతో పోలిక ముఖం మీదనే గాని లోపల లేదు. అయినా పేరు మారలేదు.

అంతకు పూర్వం డేటోనాలో పందాలు సముద్రపు ఒడ్డునే జరిగేవి. సగం దూరం రహదారి మీద, సగం దూరం ఇసుక మీద. పోటు రాకముందే పందెం ముగించవలసి వచ్చేది. 1959లో తెరచిన కొత్త ట్రాక్ మలుపులలో 31 డిగ్రీల ఏటవాలు ఉన్నది. కాలినడకన ఎక్కటానికే ఆయాసపడవలసిన వాలు అది. దాని కోసం ట్రాక్ మధ్యలో మట్టి తవ్వగా ఏర్పడిన గుంటలో నీరు చేరి చెరువయింది. ఆ చెరువు నేటికీ ఉన్నది.

ఇతర క్రీడలను ఎరిగిన వారికి ఈ పందాల పంచాంగం తలక్రిందులుగా తోస్తుంది. అన్ని ఆటలలోను చిన్న పోటీలతో ప్రారంభించి చిట్టచివరకు పెద్ద పోటీకి చేరుతారు. ఇక్కడ అన్నిటికంటె పెద్ద పందెం మొట్టమొదట వస్తుంది. 1981 వరకు సీజన్ జనవరిలో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో ఆరంభమయ్యేది. 1982 నుండి ఆరంభమే డేటోనా. శీతకాలమంతా షెడ్లలో సానపట్టిన ఇంజన్లు, కొత్తగా వేసిన రంగులు, కొత్త బృందాలలో చేరిన డ్రైవర్లు, అందరి ఖాతాలోనూ దాదాపు సున్న పాయింట్లు. ఆ ఉదయం నలభై మందిలో ప్రతి ఒక్కడూ దాదాపు సమానుడే. అభిమానికి ఆ సున్నలంటే ఇష్టం. తన డ్రైవరు కిందటి ఏడు ఇరవయ్యవ స్థానంలో మిగిలిపోయినా, ఈ ఒక్క ఉదయం ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

అయితే మొదటి పందెం ఫలితం రాబోయే తొమ్మిది నెలల గురించి చెప్పేది బహుస్వల్పం. డేటోనా గెలిచినవాడు అదే సంవత్సరం ఛాంపియన్ కావటం అరుదు. 1979లో రిచర్డ్ పెట్టీకి ఆ రెండూ దక్కినవి. ఆ తరువాత 2005 వరకు ఇరవై ఆరేళ్లలో ఆ భాగ్యం కలిగినది 1997లో జెఫ్ గోర్డన్ ఒక్కడికే. 2011లో ట్రెవర్ బేన్ అనే కుర్రవాడు ఇరవై ఏళ్లు నిండిన మరునాడే డేటోనా గెలిచాడు. ఆ స్థాయి పందెంలో దిగటం అతడికి అది రెండవసారి. ప్రపంచం అతడిదే అనుకొన్నారు. ఆ శ్రేణిలో మరి ఒక్క పందెం కూడా అతడు గెలవలేదు.

దీనికి కారణం ట్రాక్‌లోనే ఉన్నది. ముందు పోయే కారు గాలిని చీల్చుకొంటూ పోతుంటే, దాని వెనుకనే అంటిపెట్టుకొన్న కారుకు ఎదురుగాలి తగ్గుతుంది. రెండూ కలిసి పోతే, ఒంటరిగా పోయే ఏ కారుకంటెనైనా వేగంగా పోతాయి. 1960 పందెంలో, తన బండికి వేగం చాలదని తెలిసిన జూనియర్ జాన్సన్ ఈ కిటుకు కనిపెట్టి ఇతరుల వెన్నంటి పోయి గెలిచాడు. అంతకు ముందు అతడి వృత్తి కొండదారుల వెంట రాత్రివేళ దొంగసారాయి చేరవేయటం. అందుకు జైలుకు కూడా పోయాడు. 1986లో అధ్యక్షుడు రీగన్ అతడికి క్షమాభిక్ష ప్రసాదించాడు. 1987లో టాలడేగా అనే మరొక పెద్ద ట్రాక్ మీద బాబీ ఆలిసన్ కారు గాలిలోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. ఆ మరుసటి ఏడు నుండి ఈ రెండు ట్రాక్‌ల మీద ఇంజనుకు పోయే గాలిని తగ్గించే నాలుగు రంధ్రాల పలకను కార్బురేటరు క్రింద బిగించటం తప్పనిసరి చేశారు. ఇప్పుడు పలక రూపం మారినా ఉద్దేశం మారలేదు. వేగం తగ్గింది. కాని దానితో అందరి వేగమూ ఒకటే అయింది. ఎవరూ ఎవరినీ విడిచి ముందుకు పోలేక, గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో, చేతులు చాచితే తగిలేటంత దగ్గరగా మూడు వరుసలలో గుంపుగా పోతుంటారు. ఒక్కడు తప్పు చేస్తే ఇరవై కార్లు గుద్దుకొంటాయి. ఒక ప్రమాదాన్ని నివారించటానికి చేసిన ఏర్పాటు మరొక విధమైన ప్రమాదాన్ని తెచ్చిపెట్టినదన్నమాట. ఆ గుంపే చూపరులకు కన్నుల పండువ. దానిని చూచి ఆనందించని అభిమాని లేడు. ఈ అభిమానీ అందుకు మినహాయింపు కాడు.

అతడి తండ్రి కన్నాపొలిస్ పట్టణంలో తువాళ్లు, దుప్పట్లు నేసే మిల్లులో పనిచేసేవాడు. 1979 ఫిబ్రవరి 18న డేటోనా పందెం మొదటి నుండి చివరి వరకు దేశమంతటికీ టెలివిజన్‌లో ప్రత్యక్షంగా ప్రసారమయింది. అటువంటి ప్రసారం అదే మొదటిసారి. తూర్పు రాష్ట్రాల మీద మంచు తుపాను విరుచుకుపడి జనం గడప దాటలేకపోయారు. ఇంటిల్లిపాదీ టెలివిజన్ ముందు చేరినారు. ఆఖరి చుట్టులో ముందున్న డానీ ఆలిసన్, కేల్ యార్‌బరో పరస్పరం ఢీకొని మూడవ మలుపు వద్ద గడ్డి మీదికి జారిపోగా, ఎంతో వెనుకనున్న రిచర్డ్ పెట్టీ వచ్చి గెలిచాడు. ఆ తరువాత ఆ గడ్డి మీదనే, ఆలిసన్ అన్న బాబీ కూడా దిగి, ముగ్గురూ ముష్టియుద్ధానికి తలపడినారు. పదేళ్ల బాలుడు చప్పట్లు చరిచాడు. తండ్రి నవ్వలేదు. ముందుగా రెండు కార్ల కిటికీల వంక చూచి, ఇద్దరూ కాళ్ల మీద నిలబడినారు గదా అని తృప్తిపడి, అప్పుడు నవ్వాడు.

ఆనాడే ఆ తండ్రి కొడుకుకు రెండు నియమాలు నేర్పాడు. డార్లింగ్టన్ పందెం దాటే వరకు పాయింట్ల పట్టిక చూడకూడదనేది మొదటిది. సౌత్ కరోలినాలోని డార్లింగ్టన్ ట్రాక్ గరుకైనది, టైర్లను తినేస్తుంది. అక్కడ అదృష్టంతో నెట్టుకురావటం కష్టం. ఆ రోజుల్లో వసంతంలో ఆ పందెం జరిగేది. రెండవది కిటికీ వల సంగతి. డ్రైవరు ప్రక్కనున్న కిటికీకి అద్దం ఉండదు, గట్టి నాడాలతో అల్లిన వల ఉంటుంది. 1970లో డార్లింగ్టన్‌లోనే రిచర్డ్ పెట్టీ కారు పల్టీలు కొట్టినప్పుడు అతడి చెయ్యి, తల కిటికీలో నుండి బయటకు వ్రేలాడినవి. ఆ తరువాతనే వల కట్టాలన్న నిబంధన వచ్చింది. ప్రమాదం జరిగిన పిమ్మట డ్రైవరు తానే ఆ వల విప్పి క్రిందికి దించితే, తనకేమీ కాలేదని సంకేతం. 'వల దిగేవరకు కేకలు వేయకు బాబూ' అన్నాడు తండ్రి.

బాలుడు పెరిగాడు. రెండు నియమాలలో మొదటిది పాటించాడు గాని రెండవది మెల్లగా మరచిపోయాడు. అందుకు ఒక కారణం డేల్ అర్న్‌హార్ట్.

అర్న్‌హార్ట్ కన్నాపొలిస్ బిడ్డ. మిల్లు కార్మికుల ఊరివాడు, నల్లని మూడవ నంబరు కారువాడు. ముందున్న కారును తట్టి తప్పించటానికి సంకోచించని మొరటు ఆట అతడిది. ఏడుసార్లు ఛాంపియన్ అయ్యాడు గాని డేటోనా 500 మాత్రం ఏళ్ల తరబడి చేతికి చిక్కలేదు. 1990లో ఆఖరి చుట్టు ఆఖరి మైలులో టైరు పగిలి ఓడిపోయాడు. ఇరవయ్యవ ప్రయత్నంలో, 1998లో, గెలిచాడు. ముందురోజు ఒక చిన్నపాప ఇచ్చిన ఒక సెంటు నాణేన్ని కారు లోపల అంటించుకొని గెలిచాడని ఆనాడు అందరి నోటా వినవచ్చిన కథ. అతడు తిరిగి వస్తుంటే ప్రత్యర్థి బృందాల పనివారందరూ వరుసగా నిలబడి చేయి చాచారు. ఆ మధ్యాహ్నం కాంకర్డ్ ఇంటిలో ముప్పై ఏళ్లకు కొంచెం తక్కువ వయస్సుగల పురుషుడు ఒకడు కళ్లు తుడుచుకొన్నాడు.

ఈ అభిమాని తన హీరోలో మెచ్చుకొన్నది ధైర్యం ఒక్కటే కాదు, నిర్లక్ష్యం కూడా. ఇతరులు ముఖమంతా కప్పే శిరస్త్రాణాలు ధరిస్తుండగా అర్న్‌హార్ట్ ముఖం తెరచి ఉండే పాతరకం దానినే ధరించేవాడు. తలను, మెడను కాపాడే కొత్త పరికరం వచ్చినదంటే ఈసడించాడు. బయట అభిమానులు అందుకూ జేజేలు కొట్టారు. 2000 సంవత్సరంలో రిచర్డ్ పెట్టీ మనుమడు ఆడమ్‌తో సహా ముగ్గురు డ్రైవర్లు మరణించినా ఆ జేజేలు ఆగలేదు.

2001 ఫిబ్రవరి 18న డేటోనాలో ఆఖరి చుట్టు. ముందు రెండు కార్లూ అర్న్‌హార్ట్ సొంత సంస్థవి. ఒకదానిలో మైకేల్ వాల్‌ట్రిప్, రెండవదానిలో సొంత కుమారుడు. మూడవ స్థానంలో తాను, వెనుక నుండి వచ్చేవారిని అడ్డుకొంటున్నాడు. నాలుగవ మలుపులో వెనుక కారుకు తగిలి, అదుపు తప్పి, ఏటవాలు ఎక్కి గోడకు కొట్టుకొన్నది ఆ నల్లని కారు. చూడటానికి పెద్ద ప్రమాదంగా కనిపించలేదు. పల్టీలు లేవు, మంటలు లేవు. 462 పందాలలో ఓడిపోయిన వాల్‌ట్రిప్ ఆనాడు మొదటిసారి గెలిచాడు. వ్యాఖ్యాతగా ఉన్న అతడి అన్న డారెల్ ఆనందం పట్టలేకపోయాడు. అభిమాని లేచి నిలబడి కేకలు వేశాడు. గోడ ప్రక్కన ఆగిన కారు కిటికీ వల దిగినదా లేదా అని చూడలేదు. సాయంత్రం మరణవార్త వచ్చింది. పుర్రె అడుగుభాగం చిట్లింది.

ఆ తరువాతి రెండు రోజులూ అతడు తన జీవితంలో తలచుకోవటానికి ఇష్టపడని రోజులు. తగిలిన వెనుక కారు స్టెర్లింగ్ మార్లిన్‌ది. అభిమానులు కొందరు మార్లిన్‌ను చంపుతామని బెదిరించారు. ఈ అభిమాని ఎవరికీ ఉత్తరం వ్రాయలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు. కాని మిల్లు ఎదుటి హోటల్‌లో నలుగురితో కూర్చొని, ఆ పేరు పలికి నిందించాడు. చనిపోయినవాని కుమారుడే ముందుకు వచ్చి, మార్లిన్ తప్పేమీ లేదు, ఆపండి అని కోరవలసి వచ్చింది. తండ్రిని పోగొట్టుకొన్నవాడు చూడగలిగిన న్యాయం, టెలివిజన్ చూచినవాడు చూడలేకపోయాడు. మెడను కాపాడే పరికరాన్ని వెక్కిరించినప్పుడు తానూ నవ్వానన్న సంగతి అతడికి ఆ రాత్రే మొదటిసారి గుర్తుకు వచ్చింది. నింద మోపటానికి అతడికి మరొకరు ఎందుకు అవసరమైనారో అప్పుడు తెలిసింది.

వారం తిరగగానే రాకింగ్‌హామ్‌లో రెండవ పందెం. కాంకర్డ్‌కు అది దూరమేమీ కాదు, ఏటా వెళ్లేవాడు. ఆ ఏడు వెళ్లలేదు. ఇంట్లో టెలివిజన్ పెట్టాడు. మొదటి చుట్టులోనే కుమారుని కారు గోడకు కొట్టుకొన్నది. అభిమాని చేతిలో కాఫీ కప్పు అట్లాగే ఉండిపోయింది. కుమారుడు నడిచి వచ్చాడు. వర్షం వల్ల సోమవారం దాకా సాగిన ఆ పందెం గెలిచినది అర్న్‌హార్ట్ సంస్థ డ్రైవరే, స్టీవ్ పార్క్. మార్చి 11న అట్లాంటాలో, చనిపోయినవాని స్థానంలో కూర్చొన్న కెవిన్ హార్విక్, నల్లరంగు మార్చి తెల్లరంగు వేసి 29వ నంబరు తగిలించిన కారులో, సెకనులో వెయ్యింట ఆరు వంతుల తేడాతో గెలిచాడు. ఆ సంవత్సరమంతా పందెం మూడవ చుట్టులో ప్రేక్షకులు నిశ్శబ్దంగా మూడు వ్రేళ్లు పైకెత్తి నిలబడేవారు. ఈ అభిమాని కూడా అట్లాంటా పందెం చూస్తూ తన ముందు గదిలో ఒంటరిగా నిలబడి మూడు వ్రేళ్లు ఎత్తాడు.

2001 అక్టోబరులో తల, మెడలకు ఆసరా ఇచ్చే పరికరాన్ని నాస్కార్ తప్పనిసరి చేసింది. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో శరీరయంత్రశాస్త్రం బోధించిన రాబర్ట్ హబ్బర్డ్, పందెగాడైన తన బావమరిది జిమ్ డౌనింగ్‌తో కలిసి ఎన్నో ఏళ్ల క్రిందటనే దానిని రూపొందించాడు. భుజాల మీద ఒక పట్టెడ, దాని నుండి శిరస్త్రాణానికి రెండు నాడాలు, అంతే. కారు ఆగినా తల ముందుకు విసురుగా పోకుండా అది పట్టి ఉంచుతుంది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో డీన్ సికింగ్ బృందం తయారుచేసిన మెత్తని గోడ 2002లో ఇండియానాపొలిస్‌లో మొదట అమర్చబడింది. కాంక్రీటు గోడ ముందు ఉక్కు గొట్టాలు, వాటి వెనుక నురుగు దిమ్మెలు. 2007లో కార్ల చట్రమే మార్చారు. 2001 ఫిబ్రవరి 18 తరువాత ఈ ప్రధాన శ్రేణి పందాలలో ఒక్క డ్రైవరూ మరణించలేదు.

అయినా ప్రతి ఫిబ్రవరిలోను, ఇంజన్లు మొదలైన క్షణం నుండి, అతడి కడుపులో ఏదో ముడిపడినట్లుంటుంది. భయమే అయితే చూడటం మానివేయవచ్చు గదా అని భార్య అంటుంది. మానలేడు. చూడకపోతే వల దిగినదో లేదో తెలియదు మరి.

2020లో వర్షం వల్ల డేటోనా పందెం సోమవారం, ఫిబ్రవరి 17కు వాయిదాపడింది. గుంటూరాయన ఆ రాత్రి తన కుమారునితో వచ్చి కూర్చొన్నాడు. అప్పటికి అతడికి పందెం మీద అభిరుచి కలిగింది. కోయంబత్తూరు వాడైన నారాయణ్ కార్తికేయన్ 2010లో నాస్కార్ ట్రక్కుల శ్రేణిలో పోటీ చేశాడని తెలుసుకొన్నప్పటి నుండి మరీ కలిగింది. ఆఖరి చుట్టులో ముందున్న రయన్ న్యూమన్ కారు తిరగబడి గోడకు కొట్టుకొని గాలిలోకి లేచింది. లేచిన దానిని మరొక కారు సూటిగా డ్రైవరు ప్రక్కన గుద్దింది. తలక్రిందులుగా, నిప్పురవ్వలు చిమ్ముతూ అది గీత దాటి జారిపోయింది. డెన్నీ హామ్లిన్ గెలిచాడు. గుంటూరు బాలుడు చప్పట్లు కొట్టబోయాడు. అభిమాని చేయి చాచి వాని రెండు చేతులూ పట్టుకొన్నాడు. ఏమీ చెప్పలేదు. తెర మీద, తలక్రిందులైన కారు చుట్టూ పనివారు నల్లని తెరలు పట్టుకొని నిలబడినారు. కిటికీ కనబడలేదు.

దాదాపు రెండు గంటలు ఎవరూ కదలలేదు. గాయాలు తీవ్రమైనవే గాని ప్రాణాపాయం లేదని ప్రకటన వెలువడిన తరువాత గుంటూరాయన నిద్రపోయిన కుమారుని ఎత్తుకొని ఇంటికి వెళ్లాడు. బుధవారం నాడు న్యూమన్ ఇద్దరు కుమార్తెల చేతులు పట్టుకొని ఆసుపత్రి నుండి నడిచి బయటకు వచ్చిన ఛాయాచిత్రం అన్ని పత్రికలలోనూ పడింది.

ఆ ఏడు సీజన్ ప్రారంభం విచిత్రంగా సాగింది. నాలుగు పందాలు ముగియగానే మహమ్మారి వల్ల అన్నీ ఆగిపోయినవి. మళ్లీ మొదలయినది మే 17న, ప్రేక్షకుడన్నవాడు ఒక్కడూ లేని డార్లింగ్టన్‌లో. ఖాళీ మెట్ల ముందు ఇంజన్ల హోరు. న్యూమన్ కూడా దిగాడు. వాకిట్లో దూరంగా కుర్చీ వేసుకొని గుంటూరాయన కిటికీలో నుండి చూస్తున్నాడు. ఆ రోజులలో ఒకరి ఇంట్లో ఒకరు అడుగుపెట్టే వీలు లేదు. న్యూమన్ పదిహేనవ వాడుగా గీత దాటాడు. పిట్ దారిలోకి వచ్చి ఆగాడు, వల దించాడు.

అభిమాని లేచి, బల్ల మీద పడి ఉన్న పత్రిక తీసి, ఆ సంవత్సరానికి మొదటిసారిగా పాయింట్ల పట్టిక ఎక్కడున్నదో వెదకసాగాడు.